శిష్యవంశము దాచిన గురుచరిత్ర: పాల్కురికి సోమనాథుడు

శ్రీ బసవేశ్వరుని దివ్యచరిత్రను తెలుగువారికి అందించిన మహాకవి పాల్కురికి సోమనాథుడు. కళ్యాణపట్టణమున జరిగిన వృత్తాంతములను, పురాతనులైన శివభక్తుల కథలను పేరుపేరున వెదకి కూర్చి ద్విపదలో నిలిపిన ఆ మహనీయుని సొంత చరిత్ర మాత్రము ఒక్కచోట దొరకదు. రాజులు చెక్కించిన శాసనములను నమ్ముకొని ఆయన జీవితమును వ్రాయుట సాధ్యము కాదు. కాకతీయుల కాలపు శాసనములలో రాజగురువుల ప్రశంస విరివిగా కలదు. క్రీ.శ. 1261 నాటి మల్కాపుర శాసనము గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునికి జరిగిన దానములను ఎంతో వివరముగ చెప్పును. గ్రామగ్రామమున శివభక్తుల కథలను జానుతెనుగున వినిపించిన జంగమకవిని గూర్చి రాతిపై వ్రాయించు అవసరము ఏ రాజునకు కలిగియుండును? ఆయన జాడ తాటాకులలోనే నిలిచినది. అందును రాజభవనముల తాటాకులు కావు, ఒక శిష్యుని వంశమువారు తమ ఇంట దాచుకొన్నవి.

సోమనాథుని జీవితమునకు ఆధారములు ముఖ్యముగ మూడు. మొదటిది ఆయన తన కావ్యములలో తనను గూర్చి చెప్పుకొన్న మాటలు. రెండవది ఆయన శిష్యుడైన శివరాత్రి కొప్పయ్య సంతతివారగు పిడుపర్తి కవులు భద్రపరచిన వంశవృత్తాంతము. మూడవది కన్నడమున వెలసిన ఆయన పురాణము. ఈ మూడును కొన్ని చోట్ల కలియును, కొన్ని చోట్ల కలియవు. కలియని చోటులే ఎక్కువ ఆలోచింపదగినవి.

మొదట ఆయన మాటలనే చూడవలెను. బసవపురాణ ప్రారంభమున సోమనాథుడు తన తల్లిదండ్రుల పేర్లు చెప్పుకొనెను. తండ్రి విష్ణురామిదేవుడు, తల్లి శ్రియాదేవి. అనుభవసారమున మాత్రము తన గోత్రము భృంగిరిటి గోత్రమనియు, తాను గురులింగార్యుని తనయుడననియు, శివకులమునకు చెందినవాడననియు చెప్పుకొనెను. భృంగిరిటి శివుని ప్రమథులలో ఒకడు. ఈ రెండు చోటుల మాటలను ఎదురెదురుగా నిలిపి పండితులు చాలకాలము వాదించిరి. ఆయన బ్రాహ్మణవంశమున పుట్టి వీరశైవదీక్ష గైకొనెనని కొందరు, పుట్టుకతోనే జంగముడని కొందరు పలికిరి. తల్లిదండ్రులుగ పేర్కొనబడినవారు గురుస్థానమున నున్నవారే యని మరికొందరు ఊహించిరి.

వీరశైవ సంప్రదాయమెరిగినవారికి ఇందు చిక్కు అంతగా కనిపింపదు. లింగదీక్షతో భక్తునికి క్రొత్త జన్మ కలుగును. దీక్ష యిచ్చిన గురువే తండ్రి. శిష్యుని కరసంజాతుడనుట, అనగా గురువు చేతినుండి పుట్టినవాడనుట, అందువలననే. కావున ఒకే మనిషి ఒకచోట విష్ణురామిదేవుని కుమారుడనియు, వేరొకచోట గురులింగార్యుని తనయుడననియు చెప్పుకొనినను రెండును సత్యములే. వంశచరిత్రలను పరిశీలించువారు ఈ విషయమును మరువరాదు. పాత వీరశైవ వ్రాతలలో కుమారుడని కనిపించిన ప్రతిచోటను అది కడుపున పుట్టిన కొడుకును తెలుపుచున్నదా, కరసంజాతుని తెలుపుచున్నదా యని విచారింపక వంశవృక్షము గీసినచో ఒక మఠము యొక్క గురుపరంపర ఒక ఇంటి రక్తసంబంధముగ మారిపోవును. అట్టి పొరపాటులు అచ్చైన పుస్తకములలోను కలవు.

గురుపరంపరను గూర్చి సోమనాథుడు లోభము చూపలేదు. బెలిదేవి వేమనారాధ్యుల పరంపరను, కట్టకూరి పోతిదేవుని, కరస్థలి విశ్వనాథయ్యను ఆయన భక్తితో స్మరించెను. బసవపురాణ రచనకు ప్రోత్సహించిన గొబ్బూరి సంగనామాత్యుని, అనుభవసారమును అంకితముగ పొందిన గోడగి త్రిపురారిని, పండితారాధ్యచరిత్రను పొందిన పాల్కురికి సూరనామాత్యుని పేర్కొనెను. కాని తాను ఏ సంవత్సరమున పుట్టెనో, ఏ రాజు కాలమున కావ్యము వ్రాసెనో చెప్పలేదు. ఆయన కావ్యములలో మనుష్యుల పేర్లకు కొదువ లేదు. శకవర్షములకే కరవు.

ఊరి విషయమున వివాదము కొంత తక్కువ. పాల్కురికి యనునది నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి యని తెలుగు పండితులలో పెక్కుమంది అంగీకరించిరి. అది కాకతీయుల రాజధానియైన ఓరుగంటికి దగ్గరిదే. కన్నడదేశమునందలి ఊరని వాదించినవారును లేకపోలేదు. రెండు భాషలవారును తమవాడని పోటీపడదగిన కవి గనుక ఆ వాదము పుట్టుట వింత కాదు. పాలకుర్తి కొండపై సోమేశ్వరుడు వెలసియున్నాడు. పోతనామాత్యుని ఊరుగ ప్రసిద్ధమైన బమ్మెర సైతము ఆ మండలములోనిదే. తెలుగుదేశమున భక్తిని కవిత్వముగ మార్చిన ఇద్దరు మహాకవుల పేర్లు ఇంత దగ్గరి ఊళ్ళతో ముడివడియుండుట ఆ నేల అదృష్టము.

సోమనాథుడు ఎట్టివాడో ఆయన చేసిన పనినిబట్టి మరింత బాగుగ తెలియును. బసవేశ్వరుడు క్రీ.శ. 1167 ప్రాంతమున లింగైక్యము చెందినట్లు చరిత్రకారులు చెప్పుదురు. కళ్యాణమున బిజ్జలుని కొలువు కూలిపోయినది. శరణులు చెదరిపోయిరి. వారి కథలు భక్తుల నోళ్ళలో మాత్రమే నిలిచియున్నవి. సోమనాథుడు పురాతనభక్తుల సమూహములను ఆశ్రయించి, వారు చెప్పగా విని, విన్నదానిని కావ్యముగ కూర్చితినని స్వయముగ తెలిపెను. కావుననే బసవపురాణము ఒక్క బసవేశ్వరుని చరిత్రగ మిగులలేదు. శివునికి తల్లియై లాలించిన బెజ్జమహాదేవి, పాలు త్రాగలేదని శివునితో మారాము చేసిన గొడగూచి, బట్టలుతికిన మడివాలు మాచయ్య, కిన్నెర వాయించిన బ్రహ్మయ్య, అడవిలో వేటాడిన కన్నప్ప మొదలగువారందరికిని అందు చోటు దొరకినది. వారిలో పలువురకు వ్రాసుకొనదగిన వంశములు లేవు. వంశవృక్షము లేనివారి చరిత్రను వ్రాసిపెట్టినవాడు సోమనాథుడు.

అందుకై ఆయన ద్విపదను ఎన్నుకొనెను. సంస్కృతసమాసములతో నిండిన గద్యపద్యములకంటె జానుతెనుగు సామాన్యులకు సులువుగ అందునని ఆయన అభిప్రాయము. ఆ ఛందస్సు పాడుకొనుటకు, గుంపుగ కూర్చుండి వినుటకు తగినది. వృషాధిపశతకము, చతుర్వేదసారము, బసవోదాహరణము, రగడలు వేరువేరు రీతుల రచనలు. వృషాధిపశతకమున తెలుగుతోబాటు ఇతర దేశభాషలలోను పద్యములు కూర్చి బసవని కీర్తించుట ఆయన భాషాపరిచయమునకు నిదర్శనము. తరువాత వ్రాసిన పండితారాధ్యచరిత్ర దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములని అయిదు భాగములుగ నున్నది. దాక్షారామమున భీమనపండితునికి, గౌరాంబకు జన్మించి, బసవేశ్వరుని దర్శింప కళ్యాణమునకు బయలుదేరి, త్రోవలోనే బసవేశ్వరుడు లింగైక్యము చెందిన వార్త వినిన మల్లికార్జున పండితారాధ్యుని చరిత్ర అది. పర్వతప్రకరణమున శ్రీశైలయాత్రికుల పాటలు, ఆటలు, వేషములు, వాద్యములు ఎంత విరివిగ వర్ణింపబడినవనగా నాటి తెలుగు ప్రజల జీవితమును తెలిసికొనగోరువారు ఇప్పటికిని ఆ పుటలనే తిరుగవేయుచున్నారు.

ఇంతటి పరిశోధకుని సొంత జీవితమును ఇతరులు ఎట్లు దాచిరో తెలిపెడిది పిడుపర్తివారి వృత్తాంతము.

పిడుపర్తి వంశమున పలువురు కవులు పుట్టిరి. వారిలో క్రీ.శ. 16వ శతాబ్దికి చెందిన పిడుపర్తి సోమనాథుడు పాల్కురికివారి ద్విపద బసవపురాణమును పద్యకావ్యముగ మార్చి వ్రాసెను. చామరసుని కన్నడకావ్యమును అనుసరించి ప్రభులింగలీలలను సైతము తెలుగు చేసెను. తన వంశమూలమును చెప్పు సందర్భమున ఆయన పాల్కురికి సోమనాథుని కథను తెచ్చెను. మూలకవి పట్టుబట్టి ద్విపదలో వ్రాసినదానిని శిష్యసంతతివాడు మరల పద్యములలోనికి మార్చుట కొంత విచిత్రమే. అయినను ఆ పద్యకావ్యమే వ్రాయకున్నచో గురువు జీవితఘట్టము మనకు దక్కెడిది కాదు.

ఆ కథ ఇట్లున్నది. ఓరుగంటిలో స్వయంభూదేవుని ఆలయమున భక్తులు గుమిగూడి బసవపురాణమును వినుచుండగా ప్రతాపరుద్రమహారాజు అటు వచ్చి, ఆ సభ ఏమియని విచారించెను. ప్రక్కనున్న ఒక విప్రుడు అది పాల్కురికి సోముడను పతితుడు నిన్నమొన్న కూర్చిన పురాణమనియు, ద్విపద యనియు, అందలి యతిప్రాసలు ప్రామాణికములు కావనియు ఎత్తిపొడిచెను. రాజు ఆ మాట విని వెడలిపోయెను. ఈ సంగతి తెలిసి సోమనాథుడు ఓరుగంటికి రాగా, తుదకు రాజు ఆయన మహిమ నెరిగి గౌరవించి అగ్రహారములిచ్చెను. ఈ వృత్తాంతమున ఇందుటూరి అన్నయ్య యను మంత్రి పేరు వినిపించును. రాజిచ్చినవానిలో దోకిపర్రు అగ్రహారమును సోమనాథుడు తన శిష్యుడైన శివరాత్రి కొప్పయ్యకు ఇచ్చెను. ఆ కొప్పయ్యయే పిడుపర్తివారికి పూర్వుడు.

ఈ వృత్తాంతమును ఎంతవరకు నమ్మవలెను? గురువునకును, ఈ కథ వ్రాసిన కవికిని నడుమ రెండు వందల ఏండ్లకు తక్కువ కాని కాలము గడచినది. అందునను భూమి విషయము ఇమిడియున్నది. ఒక వంశమువారు తమకు భూమి ఎవరివలన, ఏ మర్యాదతో వచ్చినదో తరతరములు చెప్పుకొందురు. హక్కు నిలుచుటకు ఆ జ్ఞాపకము అవసరము. ఆ అవసరమే జ్ఞాపకమును కాపాడును, ఆ అవసరమే దానిని పెంచి చెప్పించును. కావున దోకిపర్రు, కొప్పయ్య, గురుశిష్యసంబంధము అను మూడు విషయములు బలమైనవి. రాజసభలోని సంభాషణ అంత బలమైనది కాదు. అయినను అందొక మాట విడువరానిది. ద్విపదను, యతిని ఆక్షేపించిన విప్రుని పలుకు కల్పనయే యగుగాక, అట్టి ఆక్షేపణ నాటి పండితలోకమున నిజముగ ఉండెడిదని సోమనాథుడు తన ఛందస్సును సమర్థించుకొన్న తీరే తెలుపుచున్నది.

అసలు చిక్కు రాజు పేరుతో వచ్చినది. కాకతీయులలో క్రీ.శ. 1158 నుండి 1195 వరకు పాలించిన రుద్రదేవుని పూర్వచరిత్రకారులు మొదటి ప్రతాపరుద్రుడని వ్యవహరించిరి. క్రీ.శ. 1289 నుండి 1323 వరకు ఏలి, ఢిల్లీసేనలకు చిక్కిన కడపటి రాజు రెండవ ప్రతాపరుద్రుడు. పిడుపర్తివారి కథలోని రాజు వీరిలో ఎవరు? వీరశైవవాఙ్మయమునకు జీవితమును ధారవోసిన బండారు తమ్మయ్యగారు మొదటివాడేయని నిశ్చయించి సోమనాథుని కాలమును క్రీ.శ. 1160, 1240ల నడుమ నిలిపిరి. రెండవవాడనువారు ఆయనను 13వ శతాబ్ది కడపటికిని 14వ శతాబ్ది మొదటికిని తెచ్చిరి.

ఇది పండితుల పొద్దుపోని వాదము కాదు. సోమనాథుడు మొదటి ప్రతాపరుద్రుని నాటివాడైనచో బసవేశ్వరుని కన్నులార చూచిన వృద్ధులు ఆయనకు కథలు చెప్పియుండవచ్చును. అప్పుడు బసవపురాణము దాదాపు ప్రత్యక్షసాక్షుల మాట అగును. రెండవ ప్రతాపరుద్రుని నాటివాడైనచో నడుమ మూడు నాలుగు తరములు గడచినవి. విన్నవారినుండి విన్నవారు చెప్పిన కథ యగును. బసవేశ్వరుని జీవితమునకు మనకున్న తొలి విస్తృతగ్రంథములలో ఇది ఒకటి గనుక, ఒక శిష్యవంశమువారు ఇంట దాచుకొన్న తాటాకులోని ఒక్క పేరు బసవచరిత్రకే విలువ కట్టుచున్నది.

ఒక హద్దు మాత్రము నిశ్చితము. క్రీ.శ. 1369లో భీమకవి బసవపురాణమును కన్నడీకరించెను. అప్పటికే తెలుగు మూలము సరిహద్దు దాటి ప్రసిద్ధికెక్కినది. ఇక పిడుపర్తివారి కథలో రాజు పేరుకంటె మంత్రి పేరే ఎక్కువ ఉపకరించును. ప్రసిద్ధుడైన రాజు పేరు ఏ కథలోనికైనను తరువాత వచ్చి చేరుట సులభము. అంత ప్రసిద్ధి లేని మంత్రి పేరు ఊరక వచ్చి చేరదు. కాకతీయ చరిత్రలో ఇందులూరి అన్నయ యనువాడు రుద్రమదేవి కుమార్తె రుయ్యమ్మను వివాహమాడినవాడు. ఇందుటూరి అన్నయ్య ఆయనయే యైనచో సోమనాథుడు రెండవ ప్రతాపరుద్రుని కాలమువాడగును. ఈ మార్గమే బలముగ తోచుచున్నది. దానివలన బసవపురాణము గౌరవమునకు లోటు లేదు. మూడు నాలుగు తరముల పిదపకూడ చాకలివాని పేరును, అడవిలోని బోయవాని పేరును మరువక చెప్పగలిగిన సంఘమెట్టిదో దానివలననే తెలియుచున్నది.

ఓరుగంటికి ఆగ్నేయమున ఖమ్మము దాటి వేంసూరు, భద్రాచలము అడవుల అంచువరకు గల ప్రాంతమందలి కుటుంబములకు ఈ పరిశోధన మార్గము చూపగలదు. అడవి అంచున రాతిశాసనములకంటె ఇంటి కాగితములనే నమ్ముకొనవలెను. ఆ కాగితములైనను ఒక్క కచ్చేరిలో దొరకవు. వేంసూరు నిజాము రాజ్యమునందుండగా, భద్రాచలము తాలూకా క్రీ.శ. 1874 నుండి మద్రాసు రాజధానిలోని గోదావరిజిల్లాకు చేరియుండెను. క్రీ.శ. 1953లో వరంగల్లునుండి వేరుపడిన ఖమ్మము జిల్లాలో భద్రాచలము కలిసినది 1959లోనే. కావున ఒకే వంశమున అన్నదమ్ములు అడవికి ఇటునటు స్థిరపడియుండినచో అన్న ఇనాముకాగితము ఉర్దూ ముంతఖబుగను, తమ్ముని భూమిలెక్క గోదావరిజిల్లా దస్తావేజుగను ఉండవచ్చును. వీనితోబాటు పూజపెట్టెలోని తాటాకులు, మఠమున శిష్యుల పేర్లు వ్రాసిన పుస్తకము, ఊరివెలుపలి సమాధులు చూడవలెను. లింగాయతులు దహనము చేయక సమాధి చేయుదురు గనుక పెద్దలు పూడ్చబడిన చోటు సైతము ఒక పత్రమే. పిడుపర్తివారికి దోకిపర్రు ఎట్టిదో, ఏ ఇంటికైనను మొదట చిక్కెడి కొస అట్టి ఒక పొలము పేరో, ఒక గురువు పేరో అయియుండును.

సోమనాథుని గ్రంథములు సైతము అట్టి పెట్టెలనుండి వెలువడినవే. సి.పి. బ్రౌను దొర తాటాకు ప్రతులను సేకరింపించుచు బసవపురాణమును చదివి, జంగముల మతాచారములను, వాఙ్మయమును గూర్చి క్రీ.శ. 1840లో ఆంగ్లమున వ్యాసము ప్రకటించెను. క్రీ.శ. 1926లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రగ్రంథమాలలో వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో బసవపురాణము అచ్చైనది. చిలుకూరి నారాయణరావుగారి పరిష్కరణముతో పండితారాధ్యచరిత్ర 1939లో వెలువడినది. వెల్చేరు నారాయణరావుగారు జీన్ రోఘైర్ తోడ్పాటుతో చేసిన బసవపురాణ ఆంగ్లానువాదము 1990లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ నుండి ప్రకటితమైనది. ద్విపద కావ్యము కాదని ఎత్తిపొడిచిన విప్రుని పేరు మాత్రము ఎవరును వ్రాసిపెట్టలేదు.

ఇక కన్నడమువారి ఆధారము. క్రీ.శ. 16వ శతాబ్దికి చెందిన తోంటదార్యుడు సోమనాథుని జీవితమును ఒక పురాణముగ వ్రాసెను. గురువును పురాణపురుషునిగ మార్చిన రచన అది. అందు మహిమలు మిక్కుటము, తేదీలు మృగ్యము. ఆయనతో వాదించి ఓడి శివభక్తుడై కావ్యములు వ్రాసిన వైష్ణవపండితుడు చక్రపాణి రంగనాథుని కథ వంటివి వీరశైవులలో ప్రచారమున నున్నవి. వానిని చరిత్రగ గాక భక్తులు ఆయనను తలచుకొన్న తీరుగ గ్రహించుట మేలు. అయినను తెలుగు ఆధారములు మౌనము వహించిన ఒక విషయమును కన్నడ సంప్రదాయము నిలుపుకొన్నది. సోమనాథుడు కడపటి కాలమున కన్నడదేశమునకు వెడలెను. శీలసంపాదనె, సహస్రగణనామ మొదలగు కన్నడ రచనలు ఆయన పేర వెలసియుండుట ఆ రాకపోకలకు తోడుపడుచున్నది.

ఆయన లింగైక్యము చెందినచోటు కల్య యను గ్రామమని ఆ సంప్రదాయము చెప్పును. అది బెంగుళూరుకు పడమరగ మాగడి తాలూకాలో నున్నది. పాలకుర్తి కొండకును కల్యకును నడుమ తుంగభద్ర, కృష్ణ రెండును దాటవలసియున్నది. ఆయన సమాధి అచ్చటనే కలదని అక్కడి భక్తులు చూపుదురు.